ఫీజు బకాయిల చాటున ఖాళీ అవుతున్న యూనివర్సిటీలు

2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగు, ఫార్మసీ, డిగ్రీ కాలేజీలు బందు పాటించాయి. బందు చేసింది విద్యార్థులు కాదు, లెక్చరర్లూ కాదు. యాజమాన్యాలు. ఫీజు రీయింబర్స్‌మెంటు కింద ప్రభుత్వం తమకు బాకీ పడ్డ వేల కోట్ల సంగతి తేలేదాకా తలుపులు తెరవమన్నారు. ప్రభుత్వం ముందు విజిలెన్సు తనిఖీలంటూ కళ్ళెర్ర జేసింది, తర్వాత చర్చలకు పిలిచింది, కొంత ఇప్పుడిస్తాం కొంత తర్వాత ఇస్తాం అంది. కాలేజీలు తెరుచుకున్నాయి. టీవీ చానళ్ళలో ఆ నాలుగు రోజులూ చర్చంతా ఒకటే: పాత ప్రభుత్వం పెట్టిపోయిన బాకీ ఎంత, కొత్త ప్రభుత్వం దానికి కలిపిన బాకీ ఎంత.

అదే వారంలో ఉస్మానియాలోనూ కాకతీయలోనూ మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. ఆ వారమే కాదు, పదేళ్ళకు పైగా అంతే. దాని కోసం బందు చేసే యాజమాన్యం లేదు. అడగడానికి ఎవరూ లేని బాకీ అది.

ఈ రెండు బాకీలకూ సంబంధం ఉందనేది నా వాదన. ప్రైవేటు కాలేజీకి సర్కారు పెట్టిన బాకీ, సర్కారు యూనివర్సిటీలో భర్తీ కాని పోస్టు ఒకే విధానానికి రెండు ముఖాలు. ఈ మాట అనగానే "ఫీజు రీయింబర్స్‌మెంటు వద్దంటావా?" అని మన మిత్రుల్లో కొందరు మీదికొస్తారని తెలుసు. కాబట్టి ముందే చెబుతున్నాను. నేను ఆ పథకంతో చదువుకున్నవాణ్ణి. 2008లో బీటెక్‌లో చేరాను. బీసీ విద్యార్థులందరికీ, ఆర్థికంగా వెనకబడ్డవాళ్ళకూ ఆ పథకాన్ని రాజశేఖరరెడ్డి ప్రభుత్వం విస్తరించింది కూడా ఆ రోజుల్లోనే. మా నాయన మగ్గం మీద బతికిన మనిషి. ఏడాదికి ముప్ఫై వేల పైచిలుకు ఫీజు కట్టి ఇంజనీరింగు చదివించడం ఆయన వల్ల అయ్యేది కాదు. ఈ వ్యాసం రాస్తున్నవాడు ఆ పథకం పుణ్యాన ఇంజనీరైనవాడే. పథకం తీసేయమని అడిగే మొదటి మనిషిని నేను కాను, చివరి మనిషినీ కాను.

అయితే ఆ డబ్బు ఎటు పోయిందో చూడాలి కదా.

కొంచెం వెనక్కి వెళదాం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. చదువు అమ్మకూడదు అన్నది అప్పటి మాట. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో (ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే) వృత్తి విద్యా కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అని ఒక లెక్క కట్టింది. పేమెంటు సీటు పిల్లవాడు కట్టే డబ్బుతో ఫ్రీ సీటు పిల్లవాడు చదవాలి. ఈ లెక్కను 2002లో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం టి.ఎం.ఎ. పాయ్ కేసులో కొట్టేసింది. 2005లో ఇనామ్‌దార్ కేసు తీర్పు, ఎయిడ్ తీసుకోని ప్రైవేటు కాలేజీ మీద ప్రభుత్వం తన కోటాను రుద్దడానికి వీల్లేదంది. మన దగ్గర మాత్రం 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజిమెంటు కోటా అనే సర్దుబాటు కొనసాగింది. కన్వీనర్ కోటా ఫీజు ఎంతో ఒక కమిటీ తేలుస్తుంది. సరే, తేల్చింది. కట్టేదెవరు? పిల్లల తండ్రులు కట్టలేరు. అక్కడ దిగింది ప్రభుత్వం.

2008 తర్వాత ఏం జరిగిందో మీకు తెలియంది కాదు. కట్టే నాథుడు దొరికాడని తెలిశాక కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందలు దాటాయి. పొలాల మధ్య నాలుగంతస్తుల భవనం, దానికి గాజు అద్దాలు, ముందు ఒక సరస్వతీ విగ్రహం, పసుపు బస్సులు. సీట్లు పిల్లల కన్నా ఎక్కువయ్యాక, ఇంటర్ పిల్లల ఇళ్ళకు కాలేజీ ఏజెంట్లు వచ్చి, మా కాలేజీలో చేరితే ల్యాప్‌టాప్ ఇస్తాం, బస్సు ఫీజు వద్దు అని బేరాలాడిన రోజులు కూడా చూశాం. ఫీజు కట్టేది సర్కారు, కాలేజీకి కావలసింది తల. ఒక తలకు ఇంత.

ప్రభుత్వాలకు ఈ ఏర్పాటు ఎందుకంత నచ్చిందో ఆలోచించండి. యూనివర్సిటీలో ఒక అసిస్టెంటు ప్రొఫెసరు పోస్టు నింపితే ముప్ఫై ఏళ్ళ జీతం, ఆ పైన రిటైర్మెంటు ఖర్చు. ఆ ప్రొఫెసరు ఎవరికీ ఓటు వేయమని చెప్పడు, చెప్పినా ఎవరూ వినరు. పైగా ఆ ఉద్యోగి రేపు ప్రభుత్వాన్నే విమర్శిస్తూ పేపరుకు వ్యాసం రాయవచ్చు. అదే డబ్బు ఫీజు రూపంలో ఇస్తే లబ్ధిదారుల జాబితా ఉంటుంది, పథకానికి నాయకుడి పేరు ఉంటుంది, ఫోటో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత జగనన్న విద్యా దీవెన పేరుతో కొంతకాలం తల్లుల ఖాతాల్లోనే వేశారు, బటన్ నొక్కే సభలు కూడా పెట్టారు. అన్నిటికన్నా పెద్ద సౌలభ్యం ఇంకొకటుంది. జీతం ఆపితే ఉద్యోగి నెల తిరక్కుండా రోడ్డెక్కుతాడు. ఫీజు రెండేళ్ళు ఆపినా ప్రభుత్వం ఆఫీసు తలుపు ఎవరూ కొట్టరు. బాకీ కాలేజీ మీద పడుతుంది, కాలేజీ దాన్ని కిందికి తోస్తుంది.

కిందికి ఎలా తోస్తుందో నాకు స్వయంగా తెలుసు. 2012లో కోర్సు అయిపోయాక సర్టిఫికెట్ల కోసం కాలేజీ ఆఫీసుకు వెళితే, "మీ బ్యాచి డబ్బులు ఇంకా రాలేదు బాబూ, ఫీజు కట్టి తీసుకుపో, సర్కారు ఇచ్చినప్పుడు వాపసు ఇస్తాం" అన్నాడు అక్కడి గుమాస్తా. నాయన వడ్డీకి తెచ్చి కట్టాడు. వాపసు ఇంతవరకూ రాలేదు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే మన సభ్యుల్లో ఆ వయసు వాళ్ళను అడిగితే పది కాలేజీల పేర్లు వస్తాయి, కథ మాత్రం ఒక్కటే. ఈనాటికీ అదే జరుగుతోంది. మా చిన్నాన్న కూతురు మొన్న ఇదే సంగతి ఫోనులో చెబుతుంటే సంవత్సరం మారిందంతే అనిపించింది. అప్పు ప్రభుత్వానిది, తాకట్టు పిల్లవాడి టి.సి. లెక్చరర్ల సంగతి వేరే చెప్పాలా? సర్కారు డబ్బు రాలేదని నెలల తరబడి జీతం ఆపిన కాలేజీలు కొల్లలు. పి.హెచ్.డి. చేసినవాళ్ళు కూడా బండి మీద పిల్లల్ని ఎక్కించుకొచ్చే అడ్మిషన్ టార్గెట్లు మోశారు.

ఇప్పుడు యూనివర్సిటీల వైపు చూద్దాం. ఉస్మానియా 1918లో ఉర్దూలో పై చదువులు చెప్పడానికి పుట్టింది. దేశ భాషలో ఇంజనీరింగు, వైద్యం దాకా చెప్పవచ్చునని చేసి చూపించిన చోటు అది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది. దాని మొదటి వైస్ చాన్స్‌లర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో బ్రిటిషు ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవి వదులుకున్నారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో రామలింగారెడ్డిగారే మళ్ళీ వచ్చి 1949 దాకా నడిపారు. ప్రభుత్వం మీద అలిగి రాజీనామా చేసిన మనిషికి తిరిగి అదే కుర్చీ దక్కింది. ఈ రోజు వైస్ చాన్స్‌లర్ కుర్చీ కోసం ఎవరెవరి ఇళ్ళ చుట్టూ తిరగాలో క్యాంపస్‌లో అటెండరుకు కూడా తెలుసు. ప్రభుత్వం మారితే వీసీలు మూకుమ్మడిగా రాజీనామాలు చేసే పద్ధతి కూడా వచ్చేసింది, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అదే చూశాం. నెలల తరబడి ఐ.ఎ.ఎస్. అధికారులు ఇన్‌చార్జి వీసీలుగా ఉండడం తెలంగాణకు కొత్త కాదు.

తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా, కాకతీయ విద్యార్థుల పాత్ర ఎవరూ కాదనలేరు. 2009 నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ క్యాంపస్‌లలో లాఠీలు తిన్న పిల్లల్లో ఎక్కువమంది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, తమ ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చినవాళ్ళు. రాష్ట్రం వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలకు రాష్ట్రపతి వచ్చారు. ముఖ్యమంత్రి వేదిక మీద కూర్చుని కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయారు. పోస్టుల గురించి విద్యార్థులు నిలదీస్తారన్న భయమేనని అందరూ అన్నారు. 2022లో అన్ని యూనివర్సిటీలకూ కలిపి ఒక ఉమ్మడి నియామక బోర్డు పెడుతూ శాసనసభ బిల్లు చేసింది, అది గవర్నర్ దగ్గర ఆగింది, ప్రభుత్వానికీ గవర్నర్‌కూ నడుమ తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒక్క పోస్టూ నిండలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఎన్నికల ముందు మూడు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు, అవి కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. 2025లో రేవంత్ రెడ్డిగారు ఉస్మానియాకు వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. మంచిదే. హాస్టళ్ళు కట్టండి, రోడ్లు వేయండి. కానీ కాంట్రాక్టరుకు బిల్లు ఇచ్చేదానికీ అధ్యాపకుడికి ఉద్యోగం ఇచ్చేదానికీ చాలా తేడా ఉంది. ఖాళీ పోస్టుల్లో పని ఎలా నడుస్తోందంటే, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో. అర్హత అదే, పాఠం అదే, జీతం వేరు. పదిహేనేళ్ళు పాఠం చెప్పినవాడు ఇంకా "తాత్కాలికం".

డబ్బు చాలనప్పుడు యూనివర్సిటీ ఏం చేస్తుంది? తనూ అంగడి పెడుతుంది. మొదట దూరవిద్య కేంద్రాలు. ఊరూరా స్టడీ సెంటర్లు, ఆ డబ్బుతో క్యాంపస్ ఖర్చులు. తర్వాత సెల్ఫ్ ఫైనాన్సు కోర్సులు. అదే గది, అదే టీచరు, ఒక వరస పిల్లలకు ఒక ఫీజు, ఇంకో వరసకు ఐదారింతలు. అన్నిటికన్నా ప్రమాదకరమైంది అఫిలియేషన్. 1972లో పెట్టిన జె.ఎన్.టి.యు.ను 2008లో చీల్చి హైదరాబాదు, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా చేశారు (నిర్మాణ కళల కాలేజీని ఇంకో యూనివర్సిటీ చేశారు). ఈ సాంకేతిక యూనివర్సిటీల రాబడిలో పెద్ద ముక్క తమ కింద ఉన్న ప్రైవేటు కాలేజీలు కట్టే అఫిలియేషన్ ఫీజు, వాటి విద్యార్థులు కట్టే పరీక్ష ఫీజు. కాలేజీలో లాబ్ ఉందా, లెక్చరర్లు ఉన్నారా అని తనిఖీ చేయాల్సింది ఎవరు? ఆ ఫీజుతో బతికే యూనివర్సిటీయే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం రాసినవాడు జీతం ఇస్తేనే టెస్టరుకు తిండి. ఇక బగ్గులు ఏం దొరుకుతాయి? తనిఖీ రోజున పక్క కాలేజీ నుంచి కంప్యూటర్లు, మనుషులు అద్దెకు రావడం మా బ్యాచి వాళ్ళందరూ కళ్ళారా చూసిందే. ఢిల్లీ స్థాయిలో ఏదో బాగుందనుకోకండి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతంలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణ మీద న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది.

ఎయిడెడ్ కాలేజీల సంగతి ఇక్కడి మన చర్చల్లో ఎప్పుడూ రాదు. దాతలు కట్టి, ప్రభుత్వం జీతాలిచ్చి నడిపిన ఈ కాలేజీలే సీమ జిల్లాల్లోనూ కోస్తాలోనూ మూడు తరాల పేద పిల్లలకు బి.ఎ., బి.ఎస్‌సి. చెప్పాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడ్ పోస్టులనైనా అప్పగించండి, ఆస్తులతో సహా కాలేజీనైనా అప్పగించండి అంది. చాలా కాలేజీలు స్టాఫును అప్పగించి, రాత్రికి రాత్రి పూర్తి ప్రైవేటు కాలేజీలైపోయాయి. ఫీజు పెరుగుతుందని అనంతపురంలో పిల్లలు రోడ్డెక్కితే నవంబరులో లాఠీలు లేచాయి. గొడవయ్యాక ప్రభుత్వం వెనక్కి తీసుకునే వీలు ఇచ్చింది. కానీ చూడండి, అక్కడ ప్రైవేటు కాలేజీకి ఫీజు ఇవ్వడానికి డబ్బు ఉంది, ఎయిడెడ్ లెక్చరరు పోస్టుకు లేదు. అదే ప్రభుత్వం, అదే సంవత్సరం.

భూముల కథ ఇంకా విడ్డూరం. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఉత్తినే రాలేదు. 1969, 1972 ఉద్యమాల తర్వాత ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో వచ్చింది, ఆ రోజుల్లో ఊరవతల రెండు వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ఊరు వచ్చి ఆ భూమిని చుట్టేసింది. ఇక దాని మీద అందరి కన్నూ పడింది. 2003లో చంద్రబాబుగారి ప్రభుత్వం అందులో 400 ఎకరాలు ఐ.ఎం.జి. భారత అనే క్రీడా కంపెనీకి కట్టబెట్టింది. 2006లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం రద్దు చేసింది. ఏళ్ళ తరబడి కేసు నడిచి 2024లో ప్రభుత్వమే గెలిచింది. గెలిచి ఏం చేసింది? యూనివర్సిటీకి తిరిగి ఇచ్చిందా? పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు ఇచ్చి వేలానికి సిద్ధం చేసింది. 2025 మార్చి ఆఖరున ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలోకి రాత్రింబవళ్ళు బుల్డోజర్లు దిగాయి. నెమళ్ళ అరుపుల వీడియోలు మనందరి ఫోన్లకూ వచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. కాగితం ప్రకారం ఆ భూమి ప్రభుత్వానిదే అన్నవాళ్ళున్నారు. కావచ్చు. నేనడిగేది వేరు. యాభై ఏళ్ళుగా ఒక యూనివర్సిటీకి తన కాళ్ళ కింద నేల రిజిస్టరు చేసి ఇవ్వని ప్రభుత్వాలు, ప్రైవేటు యూనివర్సిటీ వస్తానంటే అమరావతిలో వందల ఎకరాలు ఎలా కేటాయించగలిగాయి? 2024లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ యూనివర్సిటీ భూమి 100 ఎకరాలు హైకోర్టు భవనానికి ఇచ్చారు. హైకోర్టు అవసరమే. కానీ ఊళ్ళో ఏ అవసరం వచ్చినా యూనివర్సిటీ భూమే కనిపించడం చిత్రం.

ప్రైవేటు యూనివర్సిటీల చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో వచ్చింది. తెలంగాణ చట్టంలో 25 శాతం సీట్లు స్థానికులకు అన్నారు, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ల ఊసు లేదు. ఆంధ్రప్రదేశ్ తర్వాత 35 శాతం కన్వీనర్ కోటా పెట్టించింది, ఆ మేరకు నయం. కాలేజీగా ఉన్నన్నాళ్ళూ రిజర్వేషన్లు, ఫీజు కమిటీ, జె.ఎన్.టి.యు. పరీక్ష. యూనివర్సిటీ బోర్డు పెట్టుకున్నాక సిలబస్ తనదే, పరీక్ష తనదే, మార్కులు తనవే, ఫీజు తనదే. ఇంక ఏ యాజమాన్యం కాలేజీగా మిగలాలనుకుంటుంది?

మార్కెట్టు ఉంటే పోటీ వచ్చి చదువు బాగుపడుతుందనే మిత్రులు మన మధ్య చాలామంది. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. 1990ల ముందు ఇంజనీరింగు సీటు అంటే కొన్ని కులాల, కొన్ని ఊళ్ళ పిల్లల సొత్తు. ప్రైవేటు కాలేజీలు రాకపోతే, రీయింబర్స్‌మెంటు రాకపోతే నేనీ ఊళ్ళో ఉండేవాణ్ణి కాదు. కానీ నేను ఉద్యోగానికి పనికొచ్చే జావా నేర్చుకున్నది కాలేజీలో కాదు, అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో. కాలేజీకి సర్కారు ఫీజు కట్టింది, చదువుకు మా నాయన వేరే కట్టాడు. పోటీ ఏం చేసిందంటే, అమ్ముడుపోయే సరుకునే మిగిల్చింది. ఇవాళ తెలంగాణ ఇంజనీరింగు సీట్లలో మూడింట రెండు వంతులకు పైగా కంప్యూటర్ సైన్సు, దాని పేరుకు తోకలు తగిలించిన కోర్సులే. సివిలూ మెకానికలూ మూతపడుతున్నాయి. రాష్ట్రంలో ఎత్తిపోతల పథకాలు కడతారు, వంతెనలు కడతారు, సివిలు సీట్లు వద్దంటారు! ఇక చరిత్ర, తత్త్వశాస్త్రం, భాషాశాస్త్రం వంటివాటిని మార్కెట్టు ఎటూ అడగదు. వాటిని కాపాడాల్సింది సర్కారు యూనివర్సిటీ. అక్కడేమో ప్రొఫెసరు రిటైరైతే శాఖకు తాళం.

ఇదంతా ఇండియా గొడవ, మనకెందుకు అంటారా? మనం ఆ గొలుసులో రెండో లంకెలో ఉన్నాం. 2008 మాంద్యం తర్వాత అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ యూనివర్సిటీలకిచ్చే డబ్బు తగ్గించాయి. ఆ లోటు పూడ్చింది ఎవరనుకుంటున్నారు? పూర్తి ఫీజు కట్టే విదేశీ మాస్టర్స్ విద్యార్థి. 2023-24లో ఇక్కడ చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటారు. అందులో మన తెలుగు పిల్లల వాటా ఎంతో ఏ టెక్సస్, మిస్సోరి క్యాంపస్ పార్కింగ్ లాట్‌లో నిలబడినా తెలుస్తుంది. అంటే ఒకే పిల్లవాడి మీద రెండు వ్యవస్థలు బతుకుతున్నాయి. అక్కడ బీటెక్ కాలేజీకి సర్కారు ఫీజు, ఇక్కడ ఎమ్మెస్ యూనివర్సిటీకి పొలం కుదువపెట్టి తెచ్చిన బ్యాంకు అప్పు. రెండింటి మధ్య కన్సల్టెన్సీ.

ఈ అంగడిలో ఎంత మోసం పడుతుందో మనకు రెండుసార్లు గట్టిగా తెలిసింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు, మన పిల్లల కాళ్ళకు పశువుల మెడపలుపుల్లాగా రేడియో పట్టీలు కట్టారు. దాన్ని నడిపినామెకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలు పడింది. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకో వింత, దాన్ని పెట్టిందే ఇమ్మిగ్రేషన్ పోలీసులు. గోడలు లేవు, పాఠాలు లేవు, ఫీజు మాత్రం తీసుకున్నారు. పట్టుబడ్డవాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళే, చేర్పించిన దళారులుగా కేసు పడ్డవాళ్ళూ మనవాళ్ళే.

2025లో అసలు యూనివర్సిటీలకే దెబ్బ తగిలింది. కొలంబియాకు 40 కోట్ల డాలర్లు ఆపితే అది జులైలో 20 కోట్లకు పైగా కట్టడానికి ఒప్పుకుని రాజీ పడింది. హార్వర్డ్‌కు 200 కోట్ల డాలర్లకు పైగా ఆపితే అది కోర్టుకెక్కి సెప్టెంబరులో జిల్లా కోర్టులో గెలిచింది. వీసా ఇంటర్వ్యూలు మే నెలాఖరు నుంచి మూడు వారాలు కొత్తగా ఇవ్వలేదు. విదేశీ ఫీజు మీద నిలబడ్డ సెంట్రల్ మిస్సోరి లాంటి చిన్న ప్రభుత్వ యూనివర్సిటీలు ఆ ఏడాది కొత్త విదేశీ విద్యార్థులు సగానికి పడిపోవడంతో గిలగిలలాడాయి. సర్కారు డబ్బు తగ్గించుకుని మార్కెట్టును నమ్ముకున్న యూనివర్సిటీకి, అదే సర్కారు ఒక్క ఉత్తర్వుతో మార్కెట్టును కూడా మూసేయగలదని తెలిసొచ్చింది. హార్వర్డ్‌కు నిధి ఉంది, లాయర్లున్నారు, నిలబడింది. మన తెలంగాణ యూనివర్సిటీకో, విక్రమ సింహపురికో అలాంటి రోజు వస్తే ఏముంది?

నా మట్టుకు నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. రీయింబర్స్‌మెంటు ఉండాలి, బడ్జెట్లో చూపించినది ఆ ఏడాదే ఖర్చు కావాలి, బాకీ ప్రభుత్వానిది కాబట్టి సర్టిఫికెట్ ఆపిన కాలేజీ గుర్తింపు రద్దు కావాలి. ప్రైవేటు కాలేజీలకు వెళ్ళే ప్రతి వంద రూపాయలకూ సర్కారు యూనివర్సిటీలో పోస్టుల కోసం ఇంత అని చట్టంలోనే రాయాలి, లేకపోతే ఏ ఆర్థిక మంత్రీ ఇవ్వడు. కాలేజీని తనిఖీ చేసేవాడికీ దాని ఫీజు తీసుకునేవాడికీ సంబంధం తెంచాలి. యూనివర్సిటీ భూములు యూనివర్సిటీ పేరున రిజిస్టరు చేయాలి.

ఇవి అక్కడివాళ్ళు పోరాడి సాధించుకోవాల్సినవి. మనం ఇక్కడ కూర్చుని చేయగలిగినవి రెండున్నాయి. ఒకటి, పూర్వ విద్యార్థుల విరాళాలు. ప్రతి ఏడూ మన సంఘాలు యూనివర్సిటీకి ఆర్చీ గేటో, ఆడిటోరియమో, దాని మీద దాత పేరో పెట్టిస్తున్నాయి. అదే డబ్బుతో ఒక లాబ్ టెక్నీషియన్ జీతం, లైబ్రరీకి పత్రికల చందా ఇస్తే పేరు రాదు గానీ పాఠం నడుస్తుంది. యూనివర్సిటీ వారీగా ఖాళీ పోస్టుల లెక్క సమాచార హక్కు చట్టం కింద తీసి ఏటా పెట్టడానికి ఇంకా తక్కువ ఖర్చు.

రెండోది చేదుగా ఉంటుంది. మన తెలుగు మహాసభల్లో గోల్డ్ స్పాన్సర్లు, ప్లాటినం స్పాన్సర్లు ఎవరో ఒకసారి చూడండి. నగల దుకాణాలు, ప్లాట్లు అమ్మేవాళ్ళు, ఆ తర్వాత ప్రైవేటు యూనివర్సిటీలు, వీసా కన్సల్టెన్సీలు. కాలేజీ యజమాని వేదికెక్కి విద్యాదాతగా సన్మానం పొందుతాడు, ఆయన కాలేజీలో జీతం అందని లెక్చరరు తమ్ముడు అదే సభలో వాలంటీరుగా కుర్చీలు మోస్తుంటాడు. పేర్లు చెప్పను, మీకే తెలుసు. విద్యార్థుల సర్టిఫికెట్లు ఆపడం లేదని, అధ్యాపకులకు జీతం బాకీ లేదని రాతపూర్వకంగా ఇవ్వని విద్యాసంస్థ నుంచి స్పాన్సర్‌షిప్ తీసుకోకూడదని మన సంఘం తీర్మానం చేయాలని ప్రతిపాదిస్తున్నాను. తర్వాతి మహాసభల స్పాన్సర్ల జాబితా ఖరారయ్యేలోపే ఇది కార్యవర్గం ముందుకు రావాలి. బలపరిచేవాళ్ళు తమ పేరు, ఊరు రాసి సంపాదకులకు పంపండి.